ప్లేగు వ్యాధి - ఎలుక, ఫ్లీ, మానవుడు

ఉర్దూలో తాఊన్ అనీ, తెలుగులో మహమ్మారి అనీ మన పెద్దలు భయంతో ఉచ్చరించిన వ్యాధి ప్లేగు. 1591లో వెలసిన చార్మినారును, నగరానికి మహమ్మారి పీడ విరగడైనందుకు గుర్తుగా కట్టించారని హైదరాబాదులో ఒక జనశ్రుతి కలదు. అది చరిత్రయో కథయో విజ్ఞులు నిర్ణయింతురు గాక. ఆ వ్యాధి ఏ దారిన మనిషిని చేరుతుందో మాత్రం ఆ తరువాత మూడు వందల ఏండ్ల వరకు ఎవరికీ తెలియలేదు. ఆ దారిని విద్యార్థి మిత్రులకు వివరించుటయే మా ఉద్దేశం.

1894లో హాంగ్‌కాంగ్ నగరంలో ప్లేగు చెలరేగినప్పుడు, అలెగ్జాండర్ యెర్సిన్ అనే శాస్త్రజ్ఞుడు రోగుల గడ్డలలో ఒక సూక్ష్మజీవిని కనుగొన్నాడు. చచ్చిన ఎలుకలలోనూ అదే కనిపించింది. ఆయన పేరుమీదనే నేడు దానిని యెర్సీనియా పెస్టిస్ అంటున్నాము. శత్రువు దొరికాడు, కాని అతడు నడిచే బాట దొరకలేదు.

ఆ లోపమెంత ప్రమాదకరమో మన దేశం వెంటనే చవిచూసింది. 1896లో బొంబాయిలో ప్రవేశించిన ప్లేగు, తరువాతి మూడు దశాబ్దాలలో దేశమంతటా కోటిమందికి పైగా ప్రాణాలను బలిగొన్నది. వ్యాధి మురికిలోనో, గాలిలోనో, మనుష్యుల స్పర్శలోనో ఉన్నదని తలచిన అధికారులు ఇండ్లలో చొరబడి సోదాలు జరిపారు; సామాన్లు తగులబెట్టారు; రోగులను కుటుంబాల నుండి విడదీశారు. 1897లో పూనాలో ఈ చర్యలు ప్రజల ఆగ్రహాన్ని రగిల్చి, ప్లేగు అధికారి రాండ్ హత్యకు దారితీశాయి. ఇంత బలప్రయోగం జరిగినా వ్యాధి ఆగలేదు. వెదకినది మనుష్యులను, వెదకవలసినది ఒక పురుగును.

అదే ఫ్లీ. ఉర్దూలో దీనిని పిస్సూ అంటారు. రెండు మూడు మిల్లీమీటర్ల పొడవుగల ఈ కీటకానికి రెక్కలు లేవు. బలమైన వెనుక కాళ్ళతో దూకుతుంది. ఎలుక బొచ్చులో నివసించి, దాని రక్తమే ఆహారంగా బ్రతుకుతుంది. 1898లో కరాచీలో పాల్ లూయీ సిమాండ్ అనే ఫ్రెంచి వైద్యుడు, ఫ్లీలు ఉన్న జబ్బు ఎలుకను ఒక గాజుపాత్రలో ఉంచి, దానిని తాకే వీలులేకుండా ఆరోగ్యవంతమైన మరొక ఎలుకను చిన్న బోనులో పెట్టి అందులోనే ఉంచాడు. మొదటిది చనిపోయింది, కొద్ది దినాలకు రెండవదీ ప్లేగుతో మరణించింది. ఫ్లీలు లేని జబ్బు ఎలుకల పక్కన ఉంచినవాటికి మాత్రం వ్యాధి సోకలేదు. ఈ సత్యాన్ని చాలామంది మొదట నమ్మలేదు. 1905 తరువాత బొంబాయిలో ప్లేగు పరిశోధక సంఘం గినీ పందులతో ప్రయోగాలు చేసి, ఫ్లీలు చొరలేని వలబోనులలో ఉన్నవి ప్లేగు ఇండ్లలో కూడ క్షేమంగా ఉన్నవని నిరూపించిన పిదపనే సందేహాలు తొలగినవి.

ఇంతకూ ఫ్లీ ఈ పని ఎట్లు చేస్తుంది? జబ్బు ఎలుక రక్తంతో పాటు సూక్ష్మజీవులు దాని కడుపులోనికి పోతాయి. ఆహారనాళానికీ జీర్ణకోశానికీ మధ్య ముళ్ళవంటి నిర్మాణాలుగల ఒక కవాటం ఉన్నది. సూక్ష్మజీవులు అక్కడ వృద్ధిచెంది, జిగటగా అతుక్కొని, బిరడా వలె దారిని మూసివేస్తాయి. 1914లో బేకట్, మార్టిన్ అనే శాస్త్రజ్ఞులు దీనిని వివరించారు. త్రాగిన రక్తం లోపలికి పోదు గనుక ఫ్లీ ఆకలి తీరదు. అది మరల మరల కుడుతుంది. అడ్డుపడిన రక్తం సూక్ష్మజీవులను వెంటబెట్టుకొని వెనుకకు తిరిగి, కుట్టిన గాయంలోనే పడుతుంది. కవాటం మూసుకొనక పూర్వమే, తొలి దినాలలో కూడ ఫ్లీలు వ్యాధిని కొంతవరకు వ్యాపింపజేయగలవని ఇటీవలి పరిశోధనలు తెలుపుతున్నాయి.

ఎలుక బ్రతికి ఉన్నంతవరకు ఫ్లీ దానిని వదలి దూరం పోదు. ఎలుక చచ్చి శరీరం చల్లబడగానే మరొక వెచ్చని శరీరం కోసం వెదకుతుంది. మరొక ఎలుక దొరకనిచో మనిషిని పట్టుకొంటుంది. ఇండ్లలో ఎలుకలు రాలిపడిన కొద్ది దినాలకే మనుష్యులు జబ్బుపడుటకు కారణమిదే. గఢ్వాల్, కుమావూన్ కొండపల్లెల ప్రజలు ఎలుకలు చచ్చిపడుట చూడగానే ఊరు విడిచిపోయేవారు. కారణం తెలియకపోయినా, వారి అనుభవం తప్పు చెప్పలేదు.

మనిషిని కుట్టినచోట ప్రవేశించిన సూక్ష్మజీవులు దగ్గరి శోషగ్రంథిని చేరుతాయి. తీవ్రమైన జ్వరంతో గజ్జలలోనో, చంకలోనో, మెడవద్దనో నొప్పిగల గడ్డ లేస్తుంది. వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకినచో ఫ్లీతో పనిలేదు. రోగి దగ్గు తుంపరల ద్వారానే ఇతరులకు సోకుతుంది. 1994లో సూరత్ నగరాన్ని లక్షలమంది విడిచిపోవుటకు కారణమైన భయం ఈ రకపు ప్లేగును గురించినదే. స్ట్రెప్టోమైసిన్, డాక్సీసైక్లిన్ వంటి మందులు సకాలంలో లభించినచో నేడు రోగి కోలుకొనగలడు, ఆలస్యమే ప్రాణాంతకం.

ఈ జ్ఞానం నుండి మనం గ్రహించవలసిన నియమమొకటి ఉన్నది. ప్లేగు సోకినచోట తొందరపడి ముందుగా ఎలుకలను చంపరాదు. అట్లు చేసినచో ఆకలిగొన్న ఫ్లీలను మనమే మనపైకి ఉసిగొల్పినట్లగును. మొదట కీటకనాశని చల్లి ఫ్లీలను తొలగించాలి. ఆ పిదపనే ఎలుకల సంగతి చూడాలి. కారణం తెలియకుండ ఎలుకలు గుంపుగా చచ్చినచోట వాటిని వట్టిచేతులతో తాకక, ఆరోగ్యశాఖవారికి వెంటనే తెలియజేయాలి.

ప్లేగు నేటికీ మడగాస్కర్, కాంగో, పెరూ దేశాలలో కనిపిస్తూనే ఉన్నది. మన దేశంలోనూ 2002లో షిమ్లా జిల్లాలో తలయెత్తింది. అడవి ఎలుకజాతి జంతువులలో అది దాగి ఉండగలదు. కనుక మనం మరచిపోవుట తగదు. వ్యాధి వచ్చినప్పుడు పొరుగువానిని అనుమానించుట సులభం. కారణాన్ని వెదకుట కష్టం. ఆ కష్టమైన పనికి మనలను సిద్ధపరచుటయే విద్య పరమార్థమని మా నమ్మకం.