ఇంటి మరమ్మతు: ముందు నీటి జాడ, పిదప తాపీ

చేని గట్టునకు గండి పడినదని తెలిసిన రైతు తెల్లవారువఱకు ఆగడు. పార భుజమున వైచుకొని చీకటిలోనే పోవును. ఆ రైతే తన డాబాపై నీరు నిలుచుచున్నదని ఇంటివారు చెప్పినపుడు, "పైయేడు చూతములే" యనును. గండి యొక్క రాత్రిలో పంటను ముంచును గనుక భయము; డాబా పదియేండ్లకుగాని ముంచదు గనుక ఉపేక్ష. అయినను పదియేండ్ల పిమ్మట వచ్చు ఖర్చు చిన్నది కాదు. పంట పెట్టుబడికై తెచ్చిన అప్పు ఇంటికప్పునకు పోవుటయు, పైరునకు ఎరువు కొనవలసిన వేళ చేతిలో రూకలు లేకపోవుటయు మన గ్రామములలో క్రొత్త సంగతులు కావు. కావున ఈ నెల మేము పైరును గూర్చి గాక, ఇంటిని గూర్చి సభ్యులకు నాలుగు మాటలు మనవి చేయదలచితిమి. శని, ఆదివారములలో చదువుకొను బిడ్డలును, పట్టణములలో ఉద్యోగములు చేయు కొడుకులును ఇంటికి వత్తురు. ఆ రెండు దినములలో ఇంటివారే కలిసి చేసికొనదగిన పనులెవ్వి, ముట్టరాని పనులెవ్వి యను విషయమును విచారింతము.

మేము నేర్చిన పాఠము

ముందుగా మా పొరపాటునే చెప్పుట న్యాయము. కొన్నియేండ్ల క్రిందట మేము ఉడికించి యెండబెట్టిన పసుపును, ధర కొంత పెరుగునను ఆశతో, ఇంటి వెనుక గదిలో గోతములకెత్తి నిలువయుంచితిమి. ఆ గది పడమటి గోడ అడుగున మూరెడెత్తు చెమ్మ ప్రాకి, సున్నము పొట్టువలె రాలుచుండెను. ఒక ఆదివారము మేమే ఇసుకయు సిమెంటును కలిపి, రాలినమేర గీకి, గట్టిగా పూసితిమి. నున్నగా కుదిరినదని గర్వపడితిమి గూడ. వానకాలము గడచునప్పటికి చెమ్మ మా పూతను దాటి రెండు మూరల యెత్తునకెక్కెను. గోడకానించిన గోతములలో పసుపు బూజుపట్టెను. ఎండిన పసుపులో తేమ నూటికి పదిపాళ్లకు మించరాదని అందఱము ఎఱిగినదే. బూజుపట్టిన సరకును దుగ్గిరాల యార్డులో ఎవ్వరు మెచ్చుకొందురు?

తరువాత పరీక్షింపగా దోషము గోడలో లేదు. చూరునీరు పడుచోట నేల గోడవైపునకు వాలియుండెను. పడిన ప్రతి చినుకును గోడ మొదటికే పోవుచుండెను. ఆ వాలును బయటికి త్రిప్పుటకు పారతో రెండుగంటల పని చాలినది. మేము జబ్బును విడిచి, జబ్బు కనబడినచోట పట్టు వేసితిమి. గృహమరమ్మతులలో నూటికి తొంబది తప్పులు ఈ జాతివే యని మా నమ్మకము. కావున సభ్యులు తాపీ పట్టుకొనుటకు ముందు నీటి జాడ పట్టుకొనవలెను.

నీటి జాడ కనుగొనుట

ఈ విద్యలో డెల్టా రైతునకు మించినవాడు లేడు. 1855లో బెజవాడ ఆనకట్ట ముగిసిన నాటినుండియు, 1957లో దానికి బదులు ప్రకాశం బ్యారేజి యేర్పడిన పిమ్మటను, మనము కాలువ నీటితోనే బ్రదుకుచున్నాము. బెత్తెడు వాలు ఎటున్నదో, ఏ బోదె ఎచట పూడినదో కంటితో చూచి చెప్పగలము. ఆ కంటినే ఇంటివైపు త్రిప్పవలెను.

వాన కురియుచున్నపుడు గొడుగు వేసికొని ఇంటిచుట్టు ఒక్కమారు తిరిగి రండు. చూరునీరు ఎక్కడ పడుచున్నది? పడి ఎటు పోవుచున్నది? డాబా గొట్టము నీరు గోడమీదికి చిమ్ముచున్నదా? స్నానపుగది నీరు, పశువుల కొట్టపు నీరు గోడ మొదటిలో ఇంకుచున్నవా? కనబడిన సంగతులను కాగితముపై వ్రాసికొనుడు. ఆ కాగితమే రాబోవు ఆదివారముల పనులకు పట్టిక. గోడ మొదటినుండి రెండు మూరల వెడల్పున నేలను బయటికి వాలునట్లు మెరక చేయుట, పూడిన తూములను తీయుట, గొట్టమునకు మోచేయి వంపు తగిలించి నీటిని దూరముగా పోవునట్లు చేయుట, ఇవి ఖర్చు స్వల్పమై, ఫలము మెండైన పనులు.

చెమ్మ మూలము మూసిన పిదప గోడను ఒక వేసవి పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడే పూత వేయవలెను. ఇటుకను మట్టితోగాని సున్నముతోగాని కట్టిన పాత గోడలకు సిమెంటు పూత పనికిరాదు. అట్టి గోడ లోని తడిని పైపూత గుండ విడిచి ఆరును. సిమెంటు ఆ దారిని మూయగా తడి పైకెక్కును. దానితో వచ్చిన ఉప్పు పూతను ఉబ్బించి రాల్చును. పాతగోడకు సున్నపు పూతయు, సున్నపు వెల్లయుమే మేలు. ఇంగ్లండులో విలియం మోరిస్ మొదలగువారు 1877లో ప్రాచీన కట్టడముల రక్షణకై ఒక సంఘమును స్థాపించిరి. పెద్ద జీర్ణోద్ధరణలకంటె నిత్యము చేయు చిన్న సంరక్షణయే కట్టడమును నిలుపునని ఆ సంఘమువారు నేటికిని బోధించుచున్నారు. గొప్ప దేవాలయములకు చెల్లిన సూత్రము మన మూడంకణముల ఇంటికిని చెల్లును.

రాతిసున్నము విఱుచునపుడు నీటిలో సున్నము వేయవలెనుగాని, సున్నముపై నీరు గ్రుమ్మరింపరాదు. అది ఉడికి చిందును. కంటబడిన చూపునకే మోసము. పిల్లలను దూరముగా నుంచుడు.

నల్లనేల నెఱ్ఱెలు

మన ప్రాంతపు నల్లరేగడి వానకు ఉబ్బును, ఎండకు క్రుంగి బీటలువాఱును. పొలములో వేసవి నెఱ్ఱెలను చూచి మనకాశ్చర్యము కలుగదు. ఆ నేలయే మన గోడలక్రింద నున్నదని మాత్రము మఱతుము. పునాది లోతు చాలని ఇండ్లలో గోడ బీటలు వేసవిలో విచ్చుకొని, వానలలో సగము మూసికొనును.

బీట కనబడగానే పూడ్చరాదు. దానికడ్డముగా సన్నని కాగితపు పట్టీ అంటించి, దానిపై తేది వ్రాయుడు. బీట రెండుకొనల గోడపై పెన్సిలుతో గీతలు గీసి, అచటను తేదులు వేయుడు. ఒక వేసవియు ఒక వానకాలమును గడచినను కాగితము చిరుగక, బీట పెరుగకయున్న, అది పాత గాయము. శుభ్రపఱచి, తడిపి, పూడ్చుకొనవచ్చును. కాగితము చిరిగినచో నేల ఇంకను కదలుచున్నదన్నమాట. అప్పుడు గోడ మొదటికి నీరు చేరకుండ చేయుట, గోడకానుకొనియున్న పెద్దచెట్ల సంగతి విచారించుట మొదటి పని. బీట వ్రేలు దూరునంత వెడల్పయినను, తలుపుల మూలలనుండి ఏటవాలుగా పైకి ప్రాకినను, గోడ నిలువుతప్పినను అది ఆదివారపు పని కాదు. తెలిసిన యింజనీరుకు చూపవలెను.

డాబా, పెంకులు, రేకులు

డాబా యున్నవారు వానలకు ముందు దానిని ఊడ్చి, నీటి మూతులలో చేరిన ఆకులను తీయవలెను. పిమ్మట నాలుగు బిందెల నీరు పోసి, నీరెచట నిలుచునో సుద్దతో గుర్తు పెట్టుడు. ఆ పల్లములను పూడ్చి మూతివైపునకు వాలు కల్పింపవలెను. ఒక పాలు సిమెంటునకు నాలుగు పాళ్లు జల్లించిన ఇసుక చాలును. నీరు కలిపిన అరగంటలో వాడుకొనదగినంత మాత్రమే కలుపుడు. గట్టిపడినదానిలో మరల నీరు పోసి మెత్తపఱచినది బలములేనిది. పూసినచోటు ఏడు దినములైనను తడి ఆఱకుండ చూడవలెను. మూడు మాసములు నిలువయుండి గడ్డలుకట్టిన సిమెంటు చౌకగా దొరికినను వలదు. ఇక డాబా అడుగున పెచ్చులూడి, త్రుప్పుపట్టిన ఇనుప చువ్వలు కనబడినచో, పైన పూత పూసి కప్పిపుచ్చుట ప్రమాదము. ఆ పని మేస్త్రీది.

మంగుళూరు పెంకుటిండ్లవారు పగిలిన పెంకులను మార్చుకొని, వెన్నుపెంకుల సందులు చూచుకొనవలెను. రేకుల ఇండ్లవారు కొక్కెపు బోల్టులను సెప్టెంబరులోనే బిగించుకొనవలెను. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనను చూచిన రేపల్లె, బాపట్ల ప్రాంతములవారికి గాలి యేమి చేయగలదో మేము చెప్పనక్కఱలేదు. ఆస్బెస్టాస్ రేకులను మాత్రము ఇంటివారు కోయుటగాని, తొలుచుటగాని కూడదు. ఆ ధూళి యూపిరితిత్తులకు చేరి కాన్సరునకు కారణమగునని వైద్యులు నిర్ణయించియున్నారు.

తలుపులు

వానకాలమున తలుపు బిగిసినదని వెంటనే చిత్రిక పట్టువారు కలరు. కొయ్య తేమకుబ్బినది; ఎండకాలమున తిరిగి తగ్గును. అప్పుడు ఆ తలుపునకు వ్రేలెడు సందు మిగులును. ముందు బందుల మరలు బిగించి చూడుడు. తలుపు వ్రాలుటచేతనే నేలకు రాచుకొనవచ్చును. అప్పటికిని తీరనిచో వేసవివఱకు ఆగి, అప్పటి సందును కొలిచి, పిమ్మట చిత్రిక పట్టుడు. చిత్రిక పట్టిన అంచునకు నూనెరంగు వేయనిచో మఱుసటి వానకు మరల ఉబ్బును.

ముట్టరాని పని

ఇంటిలోని విద్యుత్తు 230 వోల్టుల బలము గలది. గోడ పూత తప్పినచో మరల పూయవచ్చును. దీనిలో తప్పునకు రెండవ అవకాశము లేదు. తీగెలు మార్చుట, స్విచ్చులు విప్పుట లైసెన్సుగల పనివానికే విడువవలెను. అయినను ఇంటివారు చేయదగిన కాపుదల మూడు విధములు. బట్టలారవేయు ఇనుపతీగెను విప్పి నైలాను త్రాడు కట్టుడు. సర్వీసు తీగె ఒరసికొని ఆ యినుపతీగెకు విద్యుత్తు చేరుటచే తడిబట్టలతో నున్న ఆడుబిడ్డలు ప్రాణములు కోల్పోయిన వార్తలు తఱచు వినుచునే యున్నాము. రెండవది, ఎర్తుగోతికి వేసవిలో నీరు పోయుచుండుడు. ఎండిన నేల విద్యుత్తును లోనికి తీసికొనదు. మూడవది, 30 మిల్లీయాంపియర్ల లీకునకే సరఫరాను తెంచు ఆర్.సి.సి.బి. యను మీటను పనివానిచే పెట్టించి, నెలకొక ఆదివారము దానిపైనున్న పరీక్షబొత్తామును నొక్కి చూడుడు. మీట పడనిచో పనివానిని పిలువుడు.

డాబా యెక్కునపుడు నిచ్చెనను ఒకరు పట్టుకొనవలెను. నిచ్చెన నాలుగు మూరల యెత్తునకు ఒక మూర చొప్పున గోడకు దూరముగా నిలుపుడు. ఒంటరిగా ఎక్కకుడు, వానలోను, చీకటిలోను ఎక్కకుడు.

ఎప్పుడేమి చేయవలెను

పసుపు త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి యార్డునకు చేర్చునప్పటికి వేసవి ముదురును. జూనులో ఋతుపవనము వచ్చి, కాలువలకు నీరు వదలి, నారుమళ్ల పనులు మొదలగు వఱకు నడుమ కొన్ని ఆదివారములు మనవి. ఆరిన గోడలకు పూతలు, వెల్లలు, డాబా వాలు, తలుపుల చిత్రిక అప్పుడు. వానలలో చేతిపనులు వలదు. గొడుగు, కాగితము, పెన్సిలు చాలును. సెప్టెంబరులో తుపానుల కాలమునకు ముందు కప్పు బిగింపులు. ఇట్లు ఒక ఋతువులో చూచి, వేఱొక ఋతువులో చేయుటయే ఈ విద్య యొక్క కీలకము.

పనిముట్ల మాటకు వచ్చిన, ప్రతి యింటను తాపీ, సుత్తి, మరచీల, తూకపుగుండు ఉండిన చాలును. రసమట్టము, పొడుగు నిచ్చెన, డ్రిల్లు మొదలైనవి యేడాదికి రెండుమార్లు వాడుటకై యింటింట కొనుట వృథావ్యయము. పదిమంది సభ్యులు కలిసి కొని, వాడుక పుస్తకములో వ్రాసి, పంచుకొనవచ్చును. విత్తనములకు, ఎరువులకు పనికివచ్చిన సహకారము నిచ్చెనకు ఏల పనికిరాదు?

బిడ్డలను పనిలో చేర్చుకొనుట మఱవకుడు. వాన కురియుచుండగా తండ్రితో ఇంటిచుట్టు తిరిగి నీటి జాడ చూచిన బాలుడు, రేపు తన యింటికి చెమ్మ వచ్చినపుడు సిమెంటు మూటకై పరుగెత్తడు. ముందు నేల వాలు చూచును. మా గదిలో బూజుపట్టిన పసుపు విలువకు మాకు దక్కిన లాభము ఇదియే. సభ్యులకు అది యుచితముగనే దక్కవలెనని మా కోరిక.