ఊదనంటే ఊరుకోరు!

ఆదివారం సాయంత్రం. కళింగపట్నం బీచ్ కళకళలాడుతుంటుంది. ఓ పక్క వంశధార సముద్రంలో కలిసేచోటు, మరోపక్క లైట్‌హౌస్, ఇసుకలో పిల్లల కేరింతలు... చీకటి పడుతుంటే జనం శ్రీకాకుళం దారి పడతారు. వారిలో ఎవరైనా 'రెండంటే రెండే' పెగ్గులు బిగించి బండి తీస్తే? దారిలో పోలీసులు ఆపి, గొట్టం నోటి ముందు పెడితే? సరిగ్గా అప్పుడే పుట్టుకొస్తుందో ధర్మసందేహం. 'ఊదకపోతే ఏటవుతాది? నా నోరు నా ఇష్టం కాదేటి?'

కాదంటుంది చట్టం!

అమెరికాలో ఈ సందేహానికి 1953లోనే న్యూయార్క్ రాష్ట్రం ఓ జవాబు కనిపెట్టింది. రోడ్డు మీదికి బండి తెచ్చావంటే, అడిగినప్పుడు పరీక్షకు ఒప్పుకున్నట్టే లెక్క. మాట తప్పితే లైసెన్సు గల్లంతు. మన 1988 మోటారు వాహనాల చట్టం 'ముందే ఒప్పుకున్నావు' అనదు. దాని దారి వేరు. తాగాడని అనుమానించడానికి తగిన కారణం ఉంటే, యూనిఫాంలో ఉన్న పోలీసు ఊదమని అడగొచ్చు (సెక్షన్ 203). ఊదనంటే వారెంటు లేకుండానే అరెస్టు చేయొచ్చు. ఆస్పత్రిలో చికిత్స పొందుతున్నవారికి మాత్రం ఇందులో మినహాయింపు. స్టేషన్‌కి తీసుకెళ్లాక డాక్టరు చేత రక్తం తీయించొచ్చు (204). మహిళలకైతే మహిళా డాక్టరే తీయాలి, లేదా మరో మహిళ పక్కన ఉండాలి. సరైన కారణం లేకుండా కాదంటే ఆ నిరాకరణే కోర్టులో ఎదురు తిరుగుతుంది (205).

మరి 'ఎవరినీ తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పమని బలవంతపెట్టకూడదు' అన్న రాజ్యాంగం 20(3) అధికరణం సంగతో? 1961లో సుప్రీంకోర్టు పదకొండుమంది జడ్జీల ధర్మాసనం దీన్ని తేల్చింది. వేలిముద్ర ఇవ్వడం సాక్ష్యం చెప్పడం కాదంది. 2010లో నార్కో పరీక్షలను ఇష్టం లేకుండా చేయకూడదన్నా, రక్త పరీక్షను ఆ గాటన కట్టలేదు. మనసులో మాట వేరు, ఒంట్లో మందు వేరు!

రెండు గంటల పరుగు

వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికితే పదివేల జరిమానా, ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. ఊపిరితిత్తుల్లో రక్తం నుంచి గాలిలోకి చేరే ఆల్కహాల్‌నే యంత్రం లెక్కగడుతుంది. నోరు పుక్కిలించే మందులు, కొన్ని దగ్గు మందులు కాసేపు దాన్ని బోల్తా కొట్టించగలవు. పావుగంట ఆగి మళ్లీ ఊదితే నిజం తేలుతుంది. కొత్త గొట్టం పెట్టమని అడగడంలోనూ తప్పులేదు.

అసలు చిక్కు గడియారంతోనే. అరెస్టయిన రెండు గంటల్లోగా పరీక్ష జరగకపోతే వదిలేయాల్సిందే (202). నగరంలో అయితే సరే. రాత్రి పూట మండలం రోడ్డు మీద పట్టుబడినవాణ్ని డాక్టరు దగ్గరికి చేర్చేసరికి..? ఈలోగా కాలేయం తన పని తాను చేసుకుపోతుంటుంది. గంటకు సుమారు పదిహేను మిల్లీగ్రాముల చొప్పున మందు తగ్గిపోతుంది. ఊదినప్పుడు 40 ఉన్నవాడి రక్తంలో గంట తర్వాత 30 కూడా ఉండకపోవచ్చు. దోషి తప్పించుకోవడానికీ ఆలస్యమే దారి, నిర్దోషి తాను తాగలేదని రుజువు చేసుకోలేకపోవడానికీ ఆలస్యమే కారణం.

పరీక్ష లేకపోతే కేసు ఎలా వీగుతుందో 1971లోనే తేలింది. నోట్లో వాసన, తూలే నడక, పెద్దవైన కంటిపాపలు చాలవని, రక్త పరీక్ష నివేదిక కోర్టు ముందుకు రాలేదని సుప్రీంకోర్టు ఆనాడు ఎత్తిచూపింది. అలాగని పరీక్ష ఎగ్గొడితే గట్టెక్కినట్టేనని సంబరపడే వీల్లేదు. 2007లో ఢిల్లీలో ఓ ఖరీదైన కారు ప్రమాదంలో నుజ్జయింది. డ్రైవరుకు శ్వాస పరీక్షా లేదు, రక్త పరీక్షా లేదు. అయినా మిగతా ఆధారాలతో అతడు తాగే నడిపాడని బీమా కంపెనీ నిరూపించుకోవచ్చని 2021లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కారు యజమానికి బీమా సొమ్ము దక్కలేదు.