సరిహద్దు బడిలో టీచరుకు తోడు

తుమకూరు జిల్లా పావగడ తాలూకాకు చాలావైపులా ఆంధ్రప్రదేశే. ఈ తాలూకాలో చాలా ఇళ్లలో తెలుగు మాట్లాడతారు, సర్కారు బడిలో పాఠం మాత్రం కన్నడంలో సాగుతుంది. పల్లె హైస్కూల్లో ఒక్కో సబ్జెక్టుకు తరచూ ఒక్కరే టీచరు. సందేహం వస్తే అడగడానికి పక్కన మరొకరు ఉండరు.

ఈ కొరత తీర్చడానికి కర్ణాటక విద్యాశాఖ, బెంగళూరులోని ఐటీ ఫర్ చేంజ్ అనే సంస్థ కలిసి ప్రభుత్వ హైస్కూలు టీచర్లను సబ్జెక్టులవారీగా ఒకచోట చేర్చాయి. వారి పాఠ్యసామగ్రి 'కర్ణాటక ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్'లో అందరికీ ఉచితం. 2017లో కేంద్ర ప్రభుత్వ డిజిటల్ విద్యా వేదిక 'దీక్ష' కూడా వచ్చింది. పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియో లాంటి సామగ్రి తెరుచుకుంటుంది.

టీచర్ల బృందంలో ఒక భాషా టీచరు ఒక పద్యాన్ని ఫోన్లో చదివి పంపితే, మరొకరు తెలుగు పిల్లలు తడబడే కన్నడ మాటల పట్టిక జోడించవచ్చు. ఇచ్చిపుచ్చుకోవడం ఉంటేనే ఇలాంటి బృందం నిలుస్తుంది.