గాలిమర తిరగాలంటే వెనుక ఒక కుటుంబం ఉండాలి

గాలి ఉన్నప్పుడే తూర్పారబట్టుకోవాలన్నది కళ్ళం ఎరిగిన ప్రతి రైతుకూ తెలిసిన మాట. ఆ గాలినే నమ్ముకొని భూగర్భంలోని నీటిని పైకి రప్పించుకొన్న రైతులు అమెరికా నడిభాగాన ఉన్నారు. టెక్సాస్ నుంచి నెబ్రాస్కా మీదుగా డకోటాల వరకు పరచుకొన్న ఆ మహామైదానాల పడమటి భాగంలో ఏడాదికి 500 మిల్లీమీటర్లకు మించి వర్షం పడే చోట్లు తక్కువ. మన అనంతపురం సీమలో పడే 550 మిల్లీమీటర్ల కంటె అది తక్కువే. వాగులు, చెరువులు అరుదు. గాలికి మాత్రం కొదువ లేదు. అక్కడి పశువుల మేతబీళ్ళలో కరెంటు తీగ చేరని చోట నేటికీ గాలిమరలు తిరుగుతున్నాయి. నూరేళ్ళకు దగ్గరైన యంత్రాలు కూడా వాటిలో ఉన్నాయి. అవి ఇంకా తిరుగుతున్నాయంటే ఇనుము గట్టిదన్న మాట ఒక్కటే కారణం కాదు. తండ్రి చేతినుంచి కొడుకు చేతికి పనిముట్లు అందించుకొంటూ వచ్చిన మరమ్మతు కుటుంబాలు వాటి వెనుక ఉన్నాయి.

గాలిమర పుట్టుక

1854లో డేనియల్ హాలడే అనే పనివాడు కనెక్టికట్ రాష్ట్రంలో గాలికి తానే ఎదురు తిరిగి, గాలి హెచ్చినప్పుడు తానే వేగం తగ్గించుకొనే గాలిమరను రూపొందించాడు. అంతకు పూర్వం ఐరోపాలోని పెద్ద గాలిమరలకు కావలి మనిషి ఒకడు ఎప్పుడూ ఉండవలసి వచ్చేది. మనిషి అక్కర లేకుండా రాత్రింబవళ్ళు పనిచేసే మర రావడంతో మొదట రైల్వేలు, తరువాత పశుపోషకులు దానిని అక్కున చేర్చుకొన్నారు.

తొలినాటి రెక్కలు చెక్కవి. 1882, 1883 సంవత్సరాలలో థామస్ పెర్రీ అనే ఇంజనీరు వేలకొలది ప్రయోగాలు జరిపి, వంపు తిరిగిన ఉక్కు రేకు రెక్కలు చెక్కరెక్కల కంటె ఎంతో ఎక్కువ శక్తిని రాబట్టగలవని నిరూపించాడు. ఆ ఫలితాల ఆధారంగా 1888లో షికాగోలో ఎయిర్‌మోటర్ సంస్థ ఆరంభమైంది. 1915లో ఆ సంస్థ పళ్ళచక్రాలన్నీ నూనెపెట్టెలో మునిగి తిరిగే నమూనాను తెచ్చింది. అంతవరకు వారానికొకసారి టవరెక్కి నూనె పోయవలసిన రైతుకు ఏడాదికొకసారి ఎక్కితే చాలునన్న ఊరట దక్కింది. 1933లో వచ్చిన 702 నమూనా నేటికీ వాడుకలో ఉంది. దాని భాగాలు నాటివీ నేటివీ ఒకదానికొకటి సరిపోతాయి. మరమ్మతు వృత్తి నిలబడడానికి ఈ ఒక్క సంగతే సగం కారణమని చెప్పవచ్చు.

1935 తరువాత గ్రామీణ విద్యుదీకరణ విస్తరించడంతో గాలిమరల అమ్మకం పడిపోయింది. ఇంటిముంగిట ఉన్నవి మూలపడ్డాయి. ఇంటికి కోసుల దూరాన, పశువులు మాత్రమే తిరిగే బీళ్ళలో ఉన్నవి మిగిలాయి.

లోపల జరిగే పని

గాలిమర చూడడానికి పెద్దదే కాని దాని పని మన ఊరి చేతిపంపు పనికంటె వేరు కాదు. పైన చక్రం తిరుగుతుంది. దాని వెనుకనున్న పళ్ళచక్రాలు ఆ తిప్పుడును నెమ్మదింపజేసి, చక్రం సుమారు మూడు చుట్లు తిరిగితే ఒక్కసారి కిందికీ మీదికీ కదిలే ఆటగా మారుస్తాయి. ఆ ఆటను ఒక కడ్డీ టవరు మధ్యగా కిందికి దింపి, బావి గొట్టంలోని ఊచలకు అందిస్తుంది. నీటి అడుగున ఇత్తడి సిలిండరు, అందులో తోలు గిన్నెలు తొడిగిన పిస్టను, కింద నీటిని వెనక్కి జారనీయని వాల్వు ఉంటాయి. పిస్టను పైకి లేచినప్పుడల్లా ఒక గుక్కెడు నీరు పైకి వస్తుంది.

లెక్క చూస్తే ఈ గుక్కెడు విలువ తెలుస్తుంది. సిలిండరు లోపలి వెడల్పు 5 సెంటీమీటర్లు, పిస్టను ఆట 20 సెంటీమీటర్లు అనుకొంటే ఒక్కసారికి వచ్చే నీరు సుమారు 390 మిల్లీలీటర్లు. మన చేతిపంపు ఒక పట్టుకు ఇచ్చేదీ దాదాపు అంతే. నిమిషానికి 25 సార్లు చొప్పున గంటకు 590 లీటర్లు వస్తాయి. రోజులో ఎనిమిది గంటలు గాలి వీస్తే 4,700 లీటర్లు. తలకు 60 లీటర్ల చొప్పున డెబ్బైకి పైగా పశువులకు అది సరిపోతుంది.

అయితే లోతు పెరిగేకొద్దీ బరువు పెరుగుతుంది. నీటిమట్టం 60 మీటర్ల కింద ఉంటే ఇదే సిలిండరులో పిస్టను ఒక్కొక్క ఎత్తుకూ మోయవలసిన నీటిబరువు 118 కిలోలు. ఊచల బరువు దీనికి అదనం. కనుక లోతైన బావికి సన్నని సిలిండరు, లోతులేని బావికి వెడల్పైన సిలిండరు అమర్చాలి. ఆశపడి పెద్ద సిలిండరు దించితే మెల్లని గాలికి మర కదలనే కదలదు. గాలి వేగం రెట్టింపయితే దానిలోని శక్తి ఎనిమిది రెట్లవుతుంది. కాని మైదానంలో రోజూ వీచేది మెల్లని గాలే. ఈ తూకం తెలిసినవాడే నిజమైన గాలిమర పనివాడు.

గాలివాన నుంచి మరను కాపాడే ఉపాయం తోకలో ఉంది. చక్రాన్ని టవరు నడిమధ్యన కాక కొంచెం పక్కకు అమర్చుతారు. గాలి హెచ్చితే చక్రం పక్కకు మళ్ళాలని చూస్తుంది. తోకకు కట్టిన స్ప్రింగు దానిని పట్టి ఉంచుతుంది. గాలి మరీ హెచ్చినప్పుడు స్ప్రింగు సాగి, చక్రం తోకవైపు ముడుచుకొని గాలికి అంచు చూపుతుంది. ఆ స్ప్రింగు తుప్పుపట్టి తెగితే చక్రం కుదురుగా గాలికి ఎదురు నిలవదు. పట్టేసి సాగకపోతే తుపానులో రెక్కలే ఊడిపోతాయి.

రోగం కనిపెట్టడం

కుటుంబ వృత్తిలో పిల్లలు మొదట నేర్చుకొనేది టవరెక్కడం కాదు, కింద నిలబడి రోగం కనిపెట్టడం. చక్రం తిరుగుతున్నా తొట్టిలోకి నీరు రాకపోతే పనివాడు ముందుగా కడ్డీపై చేయి వేసి చూస్తాడు. పైకి లేచేటప్పుడు బరువుగా, దిగేటప్పుడు తేలికగా ఉంటే పిస్టను నీటిని ఎత్తుతున్నట్టే. అప్పుడు గొట్టానికి ఎక్కడో చిల్లు పడి ఉండాలి. రెండు వైపులా తేలికగా ఉంటే లోపల ఊచ తెగినట్టు. నీరు వస్తున్నా ధార సన్నబడితే తోలు గిన్నెలు అరిగినట్టు. మర ఆగి మళ్ళీ తిరిగినప్పుడు చాలాసేపటికి గాని నీరు రాకపోతే కింది వాల్వు కారుతున్నట్టు. నీటితో పాటు గాలి బుడగలు తన్నుకొస్తే లోపం యంత్రానిది కాదు, బావిలో నీటిమట్టం దిగిపోయింది.

తోలు గిన్నెలే తరచుగా అరిగే భాగం. ఇసుక కలిసిన నీరైతే అవి మరింత త్వరగా పాడవుతాయి. ఖరీదు స్వల్పమే కాని వాటిని చేరుకోవడానికి బావిలోని ఊచలన్నీ ఒకటొకటిగా పైకి లాగి విప్పాలి. పిస్టను పట్టేంత వెడల్పైన గొట్టం దించిన బావిలో ఊచలు లాగితే చాలును. గొట్టం సిలిండరు కంటె సన్ననిదైతే గొట్టమంతా పైకి రావలసిందే. మొదట గొట్టం దించిననాడు చేసిన పొదుపు ముప్పై ఏళ్ళ తరువాత మరమ్మతు కూలిగా తిరిగి వస్తుంది.

మరొక సూక్ష్మం కూడా ఉంది. టవరులో పైనున్న ఇనుప కడ్డీకీ కింది ఊచలకూ మధ్య కొంత భాగం కావాలనే కర్రతో అమర్చుతారు. బావిలో పిస్టను బిగుసుకుపోతే మొదట విరగవలసింది ఆ కర్రే. అది విరిగితే ఒక పూట పని. అది విరగకపోతే పైన పళ్ళచక్రాలు విరుగుతాయి. తెలియనివాడు విరిగిన కర్ర స్థానంలో గట్టిదని ఇనుము బిగిస్తాడు. తెలిసినవాడు మళ్ళీ కర్రే వేస్తాడు.

ఇంటిల్లిపాది వృత్తి

ఈ పని ఒంటరిగా సాగేది కాదు. ఒకరు పైన చక్రం దగ్గర ఉంటే మరొకరు కింద లారీకి అమర్చిన తాడుచక్రం తిప్పాలి. పైవారి చేతి సైగ కిందివారికి అర్థం కావాలి. వందల కిలోల చక్రం, పళ్ళపెట్టె తాడుపై వేలాడుతున్నప్పుడు ఒక్క సైగ తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. ఏళ్ళ తరబడి కలిసి మెలగిన తండ్రీకొడుకులు, అన్నదమ్ములు ఈ వృత్తిలో కనిపించడానికి కారణం ఇదే. ఏ రైతు బావి ఎంత లోతు, అందులో ఏ సిలిండరు ఉంది, తోలు ఎప్పుడు మార్చారు అన్న వివరాలతో ఇంటిలో ఉండే పుస్తకం ఈ వృత్తికి అసలు మూలధనం. ఆ పుస్తకం రాసి ఉంచేవారు, పిలుపులు అందుకొని రోజు పని దారి నిర్ణయించేవారు టవరెక్కేవారికి తీసిపోరు.

కూలిన గాలిమర కూడా ఈ ఇళ్ళకు సంపదే. ఒకదాని నుంచి పళ్ళచక్రం, ఇంకొకదాని నుంచి తోక తెచ్చి మూడు పాతవాటితో ఒక మంచిదానిని నిలబెడతారు. అరిగిన బేరింగుల స్థానంలో తగరం, సీసం వంటి మెత్తని లోహాల మిశ్రమంతో పోతపోసినవి అమర్చడం ఈ పనిలో నైపుణ్యం గల ఘట్టం. ఎల్ పాసో ప్రాంతంలో గాలిమరలు నిలిపిన టెక్స్ బర్డిక్ పనిని టి. లిండ్సే బేకర్ అనే చరిత్రకారుడు 1992లో ఒక పుస్తకంగా వెలువరించడం ఈ వృత్తికి దక్కిన గౌరవాలలో ఒకటి.

అయినా ఈ ఇళ్ళలో చింత లేకపోలేదు. చాలా బీళ్ళలో నేడు సౌరఫలకలతో నడిచే పంపులు వచ్చాయి. వాటికి టవరెక్కే పని లేదు. పని తగ్గినచోట కొడుకు పట్నం ఉద్యోగం వెతుక్కొంటాడు. చేయి చూసి నేర్చుకొనవలసిన విద్య చూసేవాడు లేక ఆగిపోతుంది. గాలిమరతో పాటు సౌరపంపు కూడా బాగుచేయడం నేర్చిన కుటుంబాలకు మాత్రం రెండు విధాలా పిలుపు ఉంటుంది.

ప్రాణానికి ముప్పు

టవరెక్కేముందు చక్రాన్ని ముడిచి, బ్రేకు వేసి, తాడుతో కట్టివేయడం మొదటి నియమం. బ్రేకును మాత్రమే నమ్మినవాడిని చిన్న గాలి తెర కూడా కిందికి తోసివేయగలదు. పైనున్న చెక్క పలక పుచ్చి ఉండవచ్చు. నిచ్చెన మెట్టు తుప్పు తిని ఉండవచ్చు. నడుముకు పట్టీ లేకుండా ఎక్కరాదు. దగ్గరలో కరెంటు తీగలుంటే బావిలోని గొట్టాలు పైకి లాగేటప్పుడు మరింత జాగ్రత్త అవసరం. పొడవైన ఇనుప గొట్టం తీగకు తగిలిందంటే కింద పట్టుకొన్నవారందరికీ ఆపదే. ఈ చివరి హెచ్చరిక మన ఊళ్ళలో బోరుబావి మోటార్లు పైకి తీసేవారికీ అక్షరాలా వర్తిస్తుంది.

మన దేశంలో ఏం జరిగింది

నీళ్ళు తోడే గాలిమర మన దేశానికి కొత్త కాదు. బెంగుళూరులోని జాతీయ వైమానిక ప్రయోగశాల 1960ల దశకంలోనే ఇటువంటి యంత్రాన్ని రూపొందించింది. అనంతరం ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్‌లో నెదర్లాండ్స్ సాంకేతిక సహాయంతో పన్నెండు రెక్కలు, 5 మీటర్ల చక్రం గల నమూనా తయారయింది. దానికి 12-పి.యు.-500 అని పేరు. 1982లో కేంద్రంలో సంప్రదాయేతర ఇంధన వనరుల శాఖ ఏర్పడిన తరువాత ఇటువంటివి ప్రభుత్వ సహాయంతో పలు రాష్ట్రాలలో నిలబెట్టారు. పుదుచ్చేరి చెంతనున్న ఆరోవిల్‌లో మరొక నమూనా రూపొందింది.

వాటిలో చాలా భాగం కొద్ది సంవత్సరాలకే ఆగిపోయాయి. గాలి తక్కువైన చోట నిలబెట్టినవి కొన్ని, బావి లోతుకు సరిపడనివి కొన్ని. బాగుచేసే మనిషి దగ్గరలో లేక ఆగినవి మరెన్నో. తోలు వాషరు అరిగితే ఎవరిని పిలవాలో రైతుకు తెలియదు. పథకం యంత్రాన్ని ఇచ్చింది కాని యంత్రం చుట్టూ ఒక వృత్తి పుట్టడానికి కావలసినంత కాలం ఇవ్వలేదు.

ఇందుకు భిన్నమైన కథ చేతిపంపుది. తరతరాలుగా తెలుగు నేతకార్మిక కుటుంబాలు స్థిరపడిన షోలాపూర్‌లోనే, గొలుసుతో కదిలే ఉక్కు చేతిపంపు రూపుదిద్దుకొంది. 1970ల దశకంలో వచ్చిన ఇండియా మార్క్-2 పంపుకు అదే ఆధారం. ఆ దశకంలోనే తమిళనాడులో ఊరికొక సంరక్షకుడు, బ్లాకుకొక మెకానిక్కు, జిల్లాకొక సంచార బృందం అనే మూడంచెల ఏర్పాటు మొదలైంది. పంపుతో పాటు మనిషి కూడా ఏర్పడ్డాడు. తరువాత వచ్చిన మార్క్-3లో గొట్టమంతా లాగకుండా పిస్టను ఒక్కటే పైకి తీసే వీలు కల్పించారు. మహామైదానాల పనివారు ఎన్నో ఏళ్ళుగా పాటిస్తున్న వెడల్పు గొట్టం సూత్రమే అది.

నేడు సరిహద్దు పల్లెలలో సౌరపంపులు కనిపిస్తున్నాయి. 2019లో మొదలైన పీఎం కుసుమ్ పథకం వాటిని రైతు పొలానికి చేరుస్తున్నది. హామీకాలం ముగిసిన మరునాడు వాటిని ఎవరు విప్పుతారన్నదే ఇప్పుడు అడగవలసిన ప్రశ్న. బోరింగు మెకానిక్కు కొడుకు పాతపని నామోషీ అనుకొని ఊరు విడిస్తే, కడ్డీ మీద చేయి వేసి బావి లోపలి సంగతి చెప్పగల నేర్పు అతనితోనే పోతుంది. అదే కొడుకు తండ్రి దగ్గర బావి విద్య, ఐటీఐలో కరెంటు విద్య కలిపి నేర్చుకొంటే రాష్ట్రపు హద్దుకు ఇరువైపులా అతనికి పని ఉంటుంది. నీటికి భాషాభేదం లేదు. పంపు ఆగిననాడు కన్నడ రైతైనా తెలుగు రైతైనా వెతికేది బాగుచేసేవాని ఇంటినే.