తెరపై పేలేది ఫిరంగి.. వెనక ఉండేది ముగ్గురు!

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని చుట్టుపక్కల అందరూ 'మిలిటరీ మాధవరం' అంటారు. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరది. అక్కడి పిల్లలకు యుద్ధం సంగతులు చెప్పడానికి ఇంట్లో తాతయ్యలు, బాబాయిలు ఉంటారు. ఏలూరులోనో, కైకలూరులోనో డిగ్రీ చదివే మిగతా కుర్రాళ్లకు మాత్రం యుద్ధమంటే సినిమానే. అది చూసి 'నేనూ ఆర్మీకి వెళ్తా' అనుకుంటే తప్పేం లేదు. కాకపోతే తెర మీద చూసినదాంట్లో నిజమెంతో, హంగామా ఎంతో ముందు తెలుసుకోవాలి.

తేలే డబ్బా

2023లో ఓటీటీలో వచ్చిన 'పిప్పా' చూశారా? 1971 నవంబరు 21న, ఇప్పటి బంగ్లాదేశ్‌లోని గరీబ్‌పూర్‌లో జరిగిన ట్యాంకుల పోరాటమే దాని కథ. మన 45 కావల్రీ రెజిమెంటు అక్కడ వాడినవి పీటీ-76 ట్యాంకులు. ఇవి నేల మీద నడుస్తాయి, నీళ్లలో తేలతాయి. అందుకే సైనికులు వీటిని ముద్దుగా 'పిప్పా' అన్నారు. పంజాబీలో ఖాళీ నెయ్యి డబ్బా అని అర్థం.

కొల్లేట్లో తాటి దోనె ఎక్కినవాళ్లకు తేలడమంటే ఏంటో తెలుసు. దోనెలోకి వచ్చిన నీళ్లు ఎప్పటికప్పుడు తోడెయ్యాలి. ఈ ట్యాంకుదీ అదే కథ. నీళ్లలోకి దిగేముందు అలల్ని అడ్డుకునే ముందు పలకను ఎత్తాలి, నీళ్లు తోడే పంపులు ఆన్ చేయాలి. ఏ ఒక్కటి మరిచినా ప్రాణం మీదకొస్తుంది. హీరో ట్యాంకుతో నీళ్లలోకి దూకితే మనం ఈల వేస్తాం. లోపలివాళ్లు మాత్రం ఆ సమయానికి చేయాల్సిన పనుల్ని వరసగా సరిచూసుకుంటూ ఉంటారు.

లోపల ఏం జరుగుతుంది?

పీటీ-76లో ఉండేది ముగ్గురే. ఒకరు నడుపుతారు, ఒకరు గుండు నింపుతారు, కమాండరు దారి చూపుతూ తనే గురి చూసి పేలుస్తారు. మూతలు వేశాక డ్రైవరుకు కనిపించేది పెరిస్కోపు చూపించినంతే. ఆరోజు పొద్దున గరీబ్‌పూర్‌లో దట్టమైన మంచు. కళ్ల కంటే హెడ్‌సెట్‌లో వినిపించే మాటే దిక్కు.

ఆ పోరులో స్క్వాడ్రన్‌ను నడిపిస్తున్న మేజర్ దల్జీత్ సింగ్ నారగ్ నేలకొరిగారు. మరణానంతరం ఆయనకు మహావీర్ చక్ర ఇచ్చారు. వెంటనే కెప్టెన్ బలరామ్ సింగ్ మెహతా పగ్గాలు అందుకున్నారు. నాయకుడు పోయినా ఎవరి పని వాళ్లు ఆపలేదు. అసలు సాహసం అదే. కానీ కెమెరాకు చిక్కడం కష్టం.

అసలు ట్యాంకు తెచ్చినా..

2014లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ఫ్యూరీ'లో ఇంగ్లండ్ మ్యూజియం నుంచి తెచ్చిన నిజమైన టైగర్ ట్యాంకును నడిపించారు. రెండో ప్రపంచ యుద్ధంలో పట్టుబడిన బండి అది. లోపలి ఇరుకు, మురికి, భయం బాగా చూపించారు. క్లైమాక్స్‌లో మాత్రం కదల్లేని ఒక్క ట్యాంకు వందల మందిని నిలువరిస్తుంది. వస్తువు అసలుదైనంత మాత్రాన సన్నివేశం నిజమైపోదన్నమాట.

మరి మీ సంగతి?

సీడీఎస్ రాత పరీక్ష గట్టెక్కితే ఎస్‌ఎస్‌బీ ఇంటర్వ్యూ ఐదు రోజులు సాగుతుంది. అక్కడ చెక్కలు, తాళ్లతో బరువును అడ్డంకులు దాటించే పని గ్రూపుకి ఇస్తారు. 'నేనొక్కణ్నే చేసేస్తా' అన్న సినిమా హీరోయిజం అక్కడ పనికిరాదు. పక్కవాడి మాట వినేవాళ్లనే గమనిస్తారు. అగ్నివీర్‌గా వెళ్తే నాలుగేళ్లు. ఆ తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే ఉంచుకుంటారు. మిగతావాళ్లు ఏం చేయాలో ఇంట్లో ఇప్పుడే మాట్లాడుకోండి.

యుద్ధ వాహనాలంటే ఇష్టమున్న ఇంజినీరింగ్, ఐటీఐ విద్యార్థులకు ఇంకో దారీ ఉంది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలోని ఆయుధ కర్మాగారంలో నీళ్లలో తేలే 'శరత్' వాహనాలు తయారవుతాయి. చెన్నై దగ్గరి ఆవడిలో ట్యాంకులు తయారవుతాయి. వాటి నోటిఫికేషన్లపై ఓ కన్నేసి ఉంచండి.

దరఖాస్తు పెట్టేముందు ఒక ఆదివారం మాధవరం వెళ్లి, సర్వీసు చేసి వచ్చిన పెద్దాయన ఎవరినైనా పలకరించండి. 'ఎంతమందిని కాల్చారు తాతగారూ?' అని కాదు, 'మీ పక్కన ఎవరుండేవారండీ?' అని అడగండి. సినిమాలో దొరకని సమాధానం అక్కడ దొరుకుతుంది.