సైకిడెలిక్ సోల్ గానము - కర్తృత్వ విచారము

అమెరికాలోని డెట్రాయిట్ నగరమున బెర్రీ గోర్డీ 1959లో స్థాపించిన మోటౌన్ సంస్థ నల్లజాతివారి సోల్ గానమును దేశమంతటను వ్యాపింపఁజేసెను. సోల్ అనఁగా ఆత్మ. క్రైస్తవ భజనగానములోని యావేశమును లౌకికవిషయములకుఁ దెచ్చిన పద్ధతి యిది. మత్తుమందుల వలనఁ గలుగు చిత్తభ్రాంతిని వికృతమైన గిటారుధ్వనులతోను, ప్రతిధ్వనులతోను ననుకరించిన రాక్ గానము దీనితోఁ గలియఁగా సైకిడెలిక్ సోల్ ఏర్పడినది. దీనికి మోటౌనులో రూపమిచ్చినది నిర్మాతయగు నార్మన్ విట్‌ఫీల్డా (1940-2008), టెంప్టేషన్స్ అను నైదుగురు గాయకుల బృందమా యనునది విచార్యము.

ఇచట నిర్మాత యనఁగా ధనము పెట్టువాఁడు కాఁడు. వాద్యములను గూర్చి, ముద్రితధ్వనులలో దేనిని ముందుంచవలెనో, దేనిని వెనుకకుఁ ద్రోయవలెనో నిర్ణయించువాఁడు. స్లై అండ్ ది ఫ్యామిలీ స్టోన్ బృందపు క్రొత్తరీతిని గాయకుఁడు ఓటిస్ విలియమ్స్ ప్రస్తావింపఁగా విట్‌ఫీల్డు మొదట దానిని తేలికచేసెనఁట. అయినను 1968లో బారెట్ స్ట్రాంగుతోఁ గలిసి రచించిన 'క్లౌడ్ నైన్' ఆ రీతిలోనే వెలువడెను. ప్రధానగాయకుఁ డొక్కఁడే పాడు మర్యాదను విడిచి, చరణములను ఐదు కంఠములకుఁ బంచిరి. ఈ పంపకము స్లై బృందమునకుఁ బూర్వమే కలదు. కాని మెల్విన్ ఫ్రాంక్లిన్ మంద్రమునకును, ఎడ్డీ కెండ్రిక్స్ తారమునకును నడుమ నున్నంత యెడము ఇతరులకు దుర్లభము. ఆ పాట మోటౌనునకు మొదటి గ్రామీ బహుమతిని దెచ్చెను.

1970 నాటి 'వార్' ను మొదటఁ బాడినది యీ బృందమే. యుద్ధనిరసనము శ్రోతలలోఁ గొందఱకు రుచింపదను శంకతో సంస్థ దానిని విడిపాటగా వెలువరింపక ఎడ్విన్ స్టార్ చేతఁ బాడించెను. అది ప్రథమస్థానము నందెను. దీనినిబట్టి గాయకులు నిమిత్తమాత్రులని కొంద ఱనవచ్చును. 'పాపా వాజ్ ఎ రోలిన్ స్టోన్' చరిత్ర యందుకు విరుద్ధము. 1972లో దానిని విట్‌ఫీల్డు ముందుగా అన్‌డిస్ప్యూటెడ్ ట్రూత్ బృందముచేతఁ బాడింపఁగా స్వల్పాదరమే లభించెను. ఆ యేడే టెంప్టేషన్స్ పాడిన దీర్ఘరూపము దాదాపు 12 నిమిషములు. అందు గాత్రము వినవచ్చుటకు ముందే ఇంచుమించు నాలుగు నిమిషములు గడచును. ఒకే మంద్రగిటారు పలుకు మరల మరల వచ్చుచుండఁగా తంత్రులు, చప్పట్లు దానిపైఁ జేరును. దీనిని రాగాలాపనముతోఁ బోల్చుట పొరపాటు. ఆలాపనము రాగమును విప్పును, ఇది శ్రోతను వేచియుండఁ జేయును. పిమ్మట మృతుఁడైన తండ్రినిగూర్చి తల్లిని బిడ్డలు ప్రశ్నింతురు. కంఠములు మాఱినకొలఁది ప్రశ్నించు బిడ్డ మాఱినట్లు తోఁచును. వాద్యకల్పన నిర్మాతదే, కాని యీ యర్థము కంఠములది. ఆ యేటి డిసెంబరులో దానికిఁ బ్రథమస్థానము లభించెను.

ఈ సమత నిలువలేదు. 1973 నాటి 'మాస్టర్‌పీస్' పాట 13 నిమిషములకుఁ బైఁబడినది. అందు గాత్రమునకు దక్కినది స్వల్పభాగము. ప్రేమగీతములు కోరిన గాయకు లసంతృప్తులైరి. వారి కోరిక నిరాధారము కాదు. 1971లో ఇదే నిర్మాత కూర్చిన 'జస్ట్ మై ఇమాజినేషన్' మృదుగీతమయ్యుఁ బ్రథమస్థానము నందియుండెను. ఆ సంవత్సరమే కెండ్రిక్స్ బృందమును విడిచెను. కొలఁదికాలములోనే నిర్మాతయు బృందమును వేఱుపడిరి. విట్‌ఫీల్డు 1975లో మోటౌనును వీడి స్వంత సంస్థ నెలకొల్పఁగా, అన్‌డిస్ప్యూటెడ్ ట్రూత్ వారు అందులోఁ జేరిరి; టెంప్టేషన్స్ చేరలేదు.