తష్ఖీసు - నిదానము

వైద్యుడు రోగిని పరిశీలించి, ఇది ఫలానా వ్యాధి అని తేల్చుటను ఉర్దూలో తష్ఖీసు అంటారు. దాని మూలములో ఉన్నది షఖ్స్ అనే అరబ్బీ మాట. షఖ్స్ అనగా వ్యక్తి. గుంపులో నుండి ఒక్క వ్యక్తిని గుర్తుపట్టుట వంటిదే ఈ పని. సంస్కృత వైద్యములో దీనికి దగ్గరి మాట నిదానము. రోగమూలమును కనుగొనుట అని దాని అర్థము. మాధవకరుని ప్రసిద్ధ గ్రంథమునకు మాధవనిదానమనే పేరు. ఆ నిదానమునే తెలుగువాడు తొందరపడకుండుట అనే అర్థములో కూడ వాడుకొన్నాడు. మేము భాష బోధించేవారమే గాని వైద్యులము కాము. అయినను ఈ రెండు అర్థములకు గల సంబంధమును ఒక విద్యార్థి జ్వరము మాకు నేర్పినది.

కొన్ని సంవత్సరముల క్రిందట హాస్టలులో ఒక విద్యార్థి జ్వరపడినాడు. మేమే వెంటబెట్టుకొని పోయి, వైద్యుడు నాడి పట్టకముందే "టైఫాయిడ్ పరీక్ష వ్రాయండి సార్" అని అడిగినాము. వీడాల్ పరీక్షలో పాజిటివ్ అని వచ్చినది. మందులు వాడగా నాలుగు రోజులు తగ్గి మరల వచ్చినది. మరల అదే పరీక్ష, అదే ఫలితము, మరింత ఘాటైన మందు. ఇట్లు మూడు వారములు గడచినవి.

వీడాల్ అనే ఫ్రెంచి వైద్యుడు 1896లో వెలువరించిన పరీక్ష ఇది. ఇది టైఫాయిడ్ క్రిమిని చూపదు. ఆ క్రిమిని ఎదిరించుటకు శరీరము తయారుచేసికొన్న ప్రతిరక్షకములను చూపుతుంది. మన ప్రాంతములో ఎప్పుడో ఒకప్పుడు ఆ క్రిమి బారిన పడినవారు చాలమంది. టీకా వేయించుకొన్నవారిలోను, వేరే జ్వరములు వచ్చినవారిలోను కూడ ఈ పరీక్ష పాజిటివ్ కావచ్చును. నిజముగా టైఫాయిడ్ ఉన్నవానిలో మొదటి వారములో అది ఏమియు చూపకపోవచ్చును. ఆ వారములో, మందులు మొదలుపెట్టకముందు, రక్తమును కల్చరు చేయించుట మేలైన మార్గము.

ఇచ్చట కొంచెము లెక్క అవసరము. నూరుగురు జ్వరపీడితులలో పదిమందికే టైఫాయిడ్ ఉన్నదనుకొందము. పరీక్ష ఆ పదిమందిలో ఎనిమిదిమందిని పట్టుకొనును. టైఫాయిడ్ లేని తొంబదిమందిలో పద్దెనిమిదిమందిని కూడ పొరపాటున పట్టుకొనును అనుకొందము. మొత్తము పాజిటివ్‌లు 26. అందులో నిజమైనవి 8, అనగా మూడవ వంతు కూడ లేవు. ఇప్పుడు వైద్యుడు ముందుగా రోగిని చక్కగా ప్రశ్నించి, పొట్ట తాకి చూచి, బలమైన అనుమానము గలవారిని మాత్రమే ఏరినాడనుకొందము. ఆ నూరుగురిలో 50 మందికి టైఫాయిడ్ ఉన్నచో, అదే పరీక్ష 40 మందిని సరిగాను, 10 మందిని తప్పుగాను చూపును. పరీక్ష మారలేదు, రక్తము తీసిన సూది మారలేదు. ముందు అడిగిన ప్రశ్నలే ఫలితమునకు విలువ కట్టినవి. థామస్ బేయెస్ అనే ఇంగ్లీషు మతాచార్యుని మరణానంతరము 1763లో అచ్చయిన వ్యాసములోని గణితము ఇదే. గణితము క్లాసులో నిద్రపోయే మన విద్యార్థులు దీనిని ఒకసారి కాగితము మీద వేసి చూచుకొందురు గాక!

మరి సందేహము పూర్తిగా తీరేవరకు వైద్యుడు మందు ఇవ్వకుండ కూర్చుండవలెనా? 1980లో పాకర్, కాసిరర్ అనే ఇద్దరు అమెరికా వైద్యులు దీనికి ఒక పద్ధతి చెప్పినారు. అనుమానము మిక్కిలి తక్కువైనచో పరీక్షా వద్దు, మందూ వద్దు. మిక్కిలి ఎక్కువైనచో పరీక్ష కొరకు ఆగక మందు మొదలుపెట్టవలెను. నడుమనున్నవారికే పరీక్ష. ఆ హద్దులు ఎక్కడ గీయవలెననునది మందు వలన కలిగే మేలు ఎంత, కీడు ఎంత, పరీక్ష వలన హాని ఎంత అనువాటిపై ఆధారపడును. మరిపెడ బంగ్లా దగ్గర బస్సు కొరకు నిలుచున్న కూలీ తల్లి విషయములో ఒక దినపు కూలి, వరంగల్లు ఎం.జి.ఎం. ఆసుపత్రికి పోయి వచ్చే ఛార్జీలు కూడ ఆ లెక్కలోకి రావలెనని మా అభిప్రాయము.

ప్రశ్న అడుగుట అనునది చిన్న విషయము కాదు. మనకు పొరుగున ఉన్న పాత నల్గొండ జిల్లానే చూడండి. నడుము వంగని, మెడ తిరగని మనిషి ఆసుపత్రికి వచ్చినచో వాతమని నూనె వ్రాసి పంపుట సులభము. "ఏ బావి నీళ్ళు త్రాగుతున్నావు?" అని అడిగినప్పుడే అసలు రోగము బయటపడును. నీటిలోని ఫ్లోరైడు ఎముకలలో చేరి వెన్నును బిగించివేయుటను నెల్లూరు ప్రాంతములో షార్ట్ బృందము 1937లో వర్ణించినది. నల్గొండ ఫ్లోరోసిస్ గురించి ఎ.హెచ్. సిద్దిఖీ గారి వ్యాసము 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినది. ఇచ్చట రోగనిర్ణయము ఒక్క మనిషితో ఆగదు. ఆ బావి నీరు త్రాగే ఊరంతయు రోగియే. బిగిసిన ఎముకను మరల సరిచేసే మందు లేదు. నీటిని మార్చుటయే చికిత్స.

దాదాపు 1,100 ఏండ్ల క్రిందట అల్ రాజీ మశూచిని, తట్టును వేరుపరచి గ్రంథము వ్రాసినప్పుడు కూడ ఆయనకు ప్రయోగశాల లేదు. రోగికి వీపు నొప్పి ఎక్కువగా ఉన్నదా, కలవరము ఎక్కువగా ఉన్నదా అని అడిగి చూచినాడు. మొదటిది మశూచి వైపు, రెండవది తట్టు వైపు మొగ్గు.

మా విద్యార్థి సంగతికి వత్తము. నాలుగవ వారములో వాడిని ఒక వృద్ధ వైద్యుని వద్దకు తీసుకుపోయినాము. ఆయన చీటీలన్నియు ప్రక్కన బెట్టి, "జ్వరము ఏ వేళకు వస్తుంది బాబూ?" అన్నారు. సాయంకాలము. "బెల్టు ఎన్ని రంధ్రములు లోపలికి పోయినది?" రెండు. "ఇంటిలో ఎవరైనను దగ్గుతున్నారా?" వాడు కొంతసేపు ఆలోచించి, తాతయ్య చలికాలము నుండి దగ్గుతున్నాడని చెప్పినాడు. తనకును దగ్గు ఉన్నదట, కాని జ్వరము ముందు అది లెక్కలోనిది కాదనుకొన్నాడట. ఎవరును అడగలేదు గనుక చెప్పలేదు. మేము కూడ అడగలేదు.

కఫ పరీక్షలో క్షయ అని తేలినది. టైఫాయిడ్‌కు వాడే కొన్ని మందులు క్షయ క్రిమిని కూడ కొన్నాళ్ళు అణచి పెట్టి, రోగమును మరుగుపరచగలవని ఆ వైద్యుడు చెప్పినప్పుడు, నాలుగు రోజులు జ్వరము తగ్గుటకు మేము సంతోషించిన సంగతి గుర్తుకు వచ్చినది. ఆరు నెలలు మందు వాడి వాడు కోలుకొన్నాడు. ఆ సంవత్సరము పరీక్షలు మాత్రము పోయినవి. మందు మొదలుపెట్టిన దినముననే ఆయన మాతో, "రేపు ఆ తాతయ్యను కూడ తీసుకురండి" అన్నారు. మరునాడు ఆయనను బస్సు ఎక్కించుటకు మేమే పోయినాము.